కంప్యూటరు మెమరీలో హద్దురాళ్లు

సంక్రాంతి దాటిన నాటినుండి ఆర్మూరు పరిసర గ్రామములలో పసుపు పని ముమ్మరమగును. త్రవ్వితీసిన దుంపలను ఉడికించుట, కల్లములలో ఆరబోయుట, పీపాలలో త్రిప్పి నునుపు చేయుట, కొమ్ములను వేరుగను గోళను వేరుగను బస్తాల కెత్తుట, ఇట్లు ఇంటిల్లిపాదికి తీరిక ఉండదు. సిద్ధులగుట్ట నీడనున్న ఈ ఊరినుండి నిజామాబాదు మార్కెట్టు యార్డు ముప్పది కిలోమీటర్ల లోపు దూరమే. ఆ యార్డు, 2016లో ప్రారంభమైన ఈ-నామ్ అను జాతీయ వ్యవసాయ విపణిలో తొలి విడతలోనే చేరినది. నాటినుండి రాశి కొక సంఖ్య వేయుచున్నారు. ఖరీదుదారులు సరకును కంటితో చూచి, కొమ్మును విరిచి చూచి, తాము పెట్టదలచిన ధరను ఫోనులోనో కంప్యూటరులోనో వ్రాయుదురు. గడువు తీరగానే హెచ్చుధర ఎవరిదో తెలియును. రైతు తొమ్మిది నెలల కష్టము ఆ ఒక్క అంకెలో తేలిపోవును.

గడువు తీరువరకు ఆ అంకె ఎక్కడ ఉండును? ఎక్కడో ఒక యంత్రముయొక్క మెమరీలో ఉండును. అదే యంత్రములో, అదే క్షణమున, ఇతరుల అంకెలు కూడ ఉండును. ఒకడు వ్రాసిన ధరను మరియొకడు దొంగచాటుగా చదువగలిగినచో, దానికంటె ఒక్క రూపాయి మాత్రమే పైన వేసి సరకు ఎత్తుకొనిపోవును. పోటీవలన రైతునకు రావలసిన పైకము రాకుండపోవును. దీనిని ఆపుటకు పెక్కు తాళము లున్నవి. సంకేతపదము లున్నవి, లెక్కల తనిఖీలున్నవి, చట్టములున్నవి. కాని ఆ తాళములన్నియు ఏ గోడకు బిగించియున్నవో, ఆ గోడ యంత్రపు మెమరీలోనే ఉన్నది. దానికి ఇవతల వాడుకరుల ప్రోగ్రాములు. అవతల కెర్నెల్, అనగా యంత్రమునంతటిని నడుపు ప్రోగ్రాము. ఈ గోడ ఎట్లు పుట్టినది, ఎట్లు నిలిచినది, ఎక్కడ పగిలినది అనునదే మా నేటి ప్రసంగ విషయము.

మెమరీని ఒక ఊరి భూమిగా భావింతము. అందలి ప్రతి గడికి సర్వే నంబరువలె ఒక సంఖ్య ఉండును. ఆ సంఖ్య చెప్పినచో యంత్రము ఆ గడిలోనిది చదివి పెట్టును, లేదా అందులో వ్రాసి పెట్టును. 1948 జూన్ 21న ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయమున ఒక చిన్న యంత్రము మొట్టమొదటిసారిగా తన మెమరీలోనే దాచుకొనిన ప్రోగ్రామును నడిపెను. అంకెలున్న గడులలోనే ఆదేశములు కూడ ఉండుట ఈ పద్ధతి విశేషము. యంత్రమునకు ఇంతటి సౌలభ్యము తెచ్చినదియు, ముప్పు తెచ్చినదియు అదియే. అంకె యనుకొని వ్రాసినది ఆదేశముపై పడినచో, ఆ తరువాత యంత్రము ఏమి చేయునో చెప్పజాలము.

ఆరంభ దినములలో ఇది పెద్ద చిక్కుగా కనబడలేదు. యంత్ర మొకటి, దానిముందు మనిషి యొకడు. తప్పు చేసినచో తన లెక్కయే చెడును. మనదేశమున 1955లో కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వచ్చిన హెచ్.ఇ.సి.-2ఎమ్ యంత్రము, 1960లో బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థవారు నిర్మించి నడిపిన టిఫ్రాక్ యంత్రము ఇట్టి తొలితరమునకు చెందినవి. తెలుగునేలపై డాక్టరు అయ్యగారి సాంబశివరావుగారి సారథ్యమున 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ వెలసినది; 1969లో వెలువడిన టి.డి.సి.-12 తో మన ప్రాంతము కంప్యూటరు నిర్మాణమున అడుగుపెట్టినది.

ఈలోగా పడమటి దేశములలో యంత్రములు పెద్దవైనవి. వెల కూడ పెరిగినది. అంతటి యంత్రము క్షణము ఖాళీగా నున్నను నష్టమే. అందుచేత లెక్కలను చిల్లులు పొడిచిన అట్టల కట్టలుగా పేర్చి, ఒకదాని వెంట నొకటి నడిపించు పద్ధతి 1950వ దశకమున ఏర్పడెను. ఒక లెక్క ముగియగానే తరువాతి లెక్కను లోనికి పిలుచుటకు మెమరీలో ఒక మూల చిన్న ప్రోగ్రాము స్థిరనివాస మేర్పరచుకొనెను. దానిని మానిటర్ అనిరి. నేటి కెర్నెల్‌కు పూర్వజుడు ఆ మానిటరే. కెర్నెల్ అను ఆంగ్లపదమునకు గింజలోపలి పప్పు అని అర్థము, మామిడిటెంకలోని జీడివంటిది.

తగవు ఇక్కడనే మొదలయ్యెను. మానిటరు గడులు, లెక్కవేయువాని గడులు ప్రక్కప్రక్కనే ఉండెను. నడుమ గెట్టు లేదు. ఒకని లెక్కలో పొరపాటు దొర్లి మానిటరు గడులపై పిచ్చి అంకెలు పడినచో, వాని లెక్కయే గాక, వరుసలో వెనుకనున్న నిరపరాధుల లెక్కలన్నియు నిలిచిపోయెడివి. హద్దు దాటరాదని నియమము వ్రాసిపెట్టుటవలన ప్రయోజనము లేదు. ఏలయన, దాటువాడు తాను దాటుచున్నట్లు ఎరుగడు. గెట్టు తగవులు చూచిన మన రైతులకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. మాటమీద నిలిచిన హద్దు మొదటి వానకే చెరిగిపోవును.

ఒకే యంత్రమును పలువురు ఏకకాలమున వాడుకొనవలెనను కోరిక కలిగినప్పుడు ఈ చిక్కు మరింత ముదిరినది. 1961 నవంబరులో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కార్బటో బృందమువారు కాలమును పంచుకొను విధానమును ప్రదర్శించిరి. అటుపిమ్మట ఐ.బి.ఎమ్. 7090, 7094 యంత్రములకు దానిని ఎక్కించినప్పుడు వారు చేసిన ఏర్పాటు ఈ చరిత్రకు మూలస్తంభమనవచ్చును. మెమరీ పెట్టెలు ఒకటికి బదులు రెండు పెట్టించిరి. ఒక్కొక్కదానిలో 32,768 పదములకు చోటు. ‘ఎ’ పెట్టె నిర్వాహక ప్రోగ్రామునకు. ‘బి’ పెట్టె వాడుకరులకు. అంతటితో ఊరకుండక, వాడుకరి చేరదగిన హద్దులను యంత్రములోనే నమోదు చేయు ఏర్పాటు తెప్పించిరి. ప్రోగ్రాము చెప్పిన ప్రతి సంఖ్యను యంత్రమే ఆ హద్దులతో సరిచూచును. దాటబోయినచో ప్రోగ్రామును అక్కడనే ఆపి, అధికారమును నిర్వాహకునికి అప్పగించును. హద్దును కాపాడు భారము మనిషి బుద్ధినుండి తొలగి యంత్రముపై పడినది. మా దృష్టిలో ఈ చరిత్రయందలి ముఖ్యమైన మలుపు ఇదే.

ఇట్టి ఏర్పాటును మేము మా స్టూడియోలో ప్రతిదినము చూచుచుందుము. ప్రసంగకర్త కూర్చుండు గది ఒకటి, సాంకేతికుడు కూర్చుండు గది మరియొకటి, నడుమ గాజుగోడ. ప్రసంగకర్త ఎంతటి ఘనుడైనను ప్రసారపు మీటలు ఆయన చేతి కందవు. ఏదైన కావలసినచో సైగ చేయును. అవతలివాడు చూచి, ఉచితమని తోచినచో చేయును. ప్రసంగకర్త కాగితములు జారవిడిచినను, మంచినీళ్ల గ్లాసు దొర్లించినను, చెడునది ఆ ఒక్క ప్రసంగమే. ఆ వెనుక రావలసిన వార్తలు యథాప్రకారము వచ్చును. కంప్యూటరులో గాజుగోడకు ఇవతలిది వాడుకరి ప్రోగ్రాము, అవతలిది కెర్నెల్. ఇప్పుడు నడుచుచున్నది ఎవరు అను గుర్తు ప్రాసెసరులో ఒకటి ఉండును. ఆ గుర్తు వాడుకరిని సూచించునప్పుడు, కెర్నెల్ గడులను తాకుటకుగాని, డిస్కును, తంతిని నేరుగా నడుపుటకుగాని ప్రాసెసరు ఒప్పుకొనదు. ప్రోగ్రాము కోరిక కోరవలసినదే. ఆ కోరికకు సిస్టమ్ కాల్ అని పేరు. అది నిర్ణీతమైన ద్వారమున మాత్రమే ప్రవేశించును.

అయితే ద్వారమున్నచోట సుంకము కూడ ఉండును. కోరిక కోరిన ప్రతిసారియు ప్రోగ్రాము తన పని ఆపవలెను. కెర్నెల్ ఆ కోరికను పరీక్షింపవలెను. పని చేసి మరల అధికారమును తిరిగి ఇయ్యవలెను. ఒక్కసారికి పట్టుకాలము లెక్కలోనికి రానంత చిన్నది. కాని క్షణమునకు వేలకొలది కోరికలు వచ్చుచోట అది మోయవలసిన బరువే. ఈ సుంకమును మన శ్రోతలు జ్ఞప్తియందుంచుకొనవలెనని మా మనవి. కథ చివర దానితోనే పని యున్నది.

1962లో మాంచెస్టరులో అట్లాస్ యంత్రము ప్రారంభమైనది. టామ్ కిల్‌బర్న్ ఆచార్యుల బృందము దానిలో ఒక నూతన పద్ధతి ప్రవేశపెట్టెను. ప్రోగ్రాము ఎరిగిన సంఖ్యలు వేరు. నిజమైన గడులు వేరు. నడుమ ఒక నక్షా ఉండును. మెమరీని 512 పదముల పుటలుగా విభజించి, ఏ పుట నిజముగ ఎక్కడ నున్నదో నక్షాను చూచి యంత్రమే తెలిసికొనును. గ్రామమున నక్షాకెక్కని భూమిని కొనుటయు లేదు, అమ్ముటయు లేదు. ఇక్కడను అంతే. నక్షాలో లేని గడి ఆ ప్రోగ్రామునకు లేనట్లే. 1964లో వెలువడిన ఐ.బి.ఎమ్. సిస్టమ్/360 వారు మరియొక త్రోవ త్రొక్కిరి. 2048 బైట్ల గదికొక తాళము, ప్రోగ్రామున కొక తాళపుచెవి. తాళపుచెవి సంఖ్య కుదిరిననే ఆ గదిలో వ్రాయుట సాధ్యము. మొత్తము పదునారు సంఖ్యలు. సున్న సంఖ్య చెవి ఏ తాళమునకైనను పట్టును. అది నిర్వాహకునిది.

ఒక గోడ చాలునా అను ప్రశ్నకూడ ఆ దశకముననే పుట్టెను. కార్బటో బృందమే తరువాత చేపట్టిన మల్టిక్స్ అను వ్యవస్థలో గోడలు వలయములైనవి. మన ఓరుగల్లు కోటను తలచుకొన్న ఇది సులభముగ బోధపడును. వెలుపల మట్టికోట, లోపల రాతికోట, ఒక్కొక్కదానికి అగడ్త. మట్టికోట దాటినవాడు రాతికోట దాటినట్లు కాదు. మల్టిక్స్‌లో అట్లే లోపలి సున్నవ వలయమున కెర్నెల్; వెలుపలికి పోయినకొలది అధికారము తగ్గును. 1970వ దశకమున దీనికై చేసిన యంత్రములో ఎనిమిది వలయము లుండెను.

గోడ లేనిచోట ఏమి జరుగునో చూపు వృత్తాంత మొకటి యూనిక్స్ చరిత్రలో కలదు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థామ్సన్, డెనిస్ రిచీ అనువారు 1969లో యూనిక్స్ వ్యవస్థకు శ్రీకారము చుట్టిరి. 1971 ప్రాంతమున పి.డి.పి.-11/20 అను యంత్రముపై అది నడుచుచుండెను. ఆ యంత్రమునకు మెమరీ కాపలా లేదు. అదే యంత్రముపై ఒకవంక పేటెంటు శాఖవారి టైపిస్టులు దరఖాస్తులు టైపు చేయుచుండిరి. మరియొకవంక ప్రోగ్రాములు వ్రాయువారు క్రొత్త ప్రోగ్రాములను పరీక్షించుచుండిరి. పరీక్షలో ఒక ప్రోగ్రాము దారి తప్పినచో టైపిస్టులు కూర్చిన పాఠము కూడ పోవు ప్రమాదముండెను. అందుచేత క్రొత్త ప్రోగ్రామును నడుపుటకు జాగ్రత్తయు గుండెధైర్యమును రెండును కావలసివచ్చెడివని రిచీ తరువాత వ్రాసికొనెను. ఆ పిదప వచ్చిన పి.డి.పి.-11/45 యంత్రమున కెర్నెల్‌కు, వాడుకరికి వేర్వేరు నక్షా లేర్పడినవి. తనకు సంబంధములేని ఎవని తప్పువలననో తన పని పోవునన్న భయము టైపిస్టునకు అక్కరలేకపోయినది.

మనదేశమున సామాన్యుడు ఈ గోడ మేలును, దాని పేరైన ఎరుగకయే, అనుభవించినది రైలు టిక్కెట్ల కిటికీయొద్ద. 1985-86లో ఢిల్లీలో కంప్యూటరు రిజర్వేషను ప్రారంభమైనది. దానిని రూపొందించిన సి.ఎమ్.సి. నాడు ప్రభుత్వరంగ సంస్థ, దాని పరిశోధన కేంద్రము హైదరాబాదు జంటనగరములలో ఉండెను. నడిచినవి వ్యాక్స్ జాతి యంత్రములు. 1977లో వెలువడిన వ్యాక్స్ నిర్మాణములో చెప్పదగిన గడుల సంఖ్య 429 కోట్లకు పైబడినది. అందు క్రింది సగము వాడుకరి ప్రోగ్రామునకు, పై సగము వ్యవస్థకు కేటాయించిరి. క్రింది సగము ప్రతి ప్రోగ్రామునకు వేరు. పై సగము అందరికి ఒక్కటే. పలు కిటికీలయొద్ద పలువురు గుమాస్తాలు మీటలు నొక్కుచుండగా, ఒక కిటికీ పనిలో తప్పు దొర్లినచో మిగిలినవారి వరుసలు నిలిచిపోకుండుట ఇట్టి విభజనవలననే సాధ్యమైనది.

ఇంటింటికి వచ్చిన చిన్న కంప్యూటర్ల కథ మాత్రము వెనుకకు నడిచినది. 1981లో వచ్చిన ఐ.బి.ఎమ్. పర్సనల్ కంప్యూటరులో ఈ కాపలా లేదు. పెద్దయంత్రములవారు ఇరువదేండ్ల క్రిందటనే నేర్చిన పాఠమును చిన్నయంత్రములవారు మరల మొదటినుండి నేర్చుకొనవలసివచ్చినది. ఇంటెల్ సంస్థవారు 1982లో 80286 ప్రాసెసరులో కాపలాను, 1985లో 80386లో పుటల నక్షాను కూడ చేర్చిరి. వారు నాలుగు వలయము లిచ్చినను వ్యవస్థలు వ్రాసినవారు చాలవరకు రెండింటినే వాడుకొనిరి. 1991లో ఫిన్లండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ అట్టి 80386 యంత్రముపైననే లినక్స్ కెర్నెల్‌ను వ్రాసెను. నాలుగు గిగాబైట్ల సంఖ్యలను లినక్స్ వారు మూడుపాళ్లు వాడుకరికి, ఒకపాలు కెర్నెల్‌కు పంచిరి. 1993లో వచ్చిన విండోస్ ఎన్.టి.లో చెరి సగము. నేటి ఆండ్రాయిడ్ ఫోనులలో నున్నది లినక్స్ కెర్నెలే. పసుపు ధర చూచుకొను రైతు జేబులోకూడ ఈ గోడ ఉన్నదన్నమాట.

ఇక గోడ పగిలిన కథ. 2018 జనవరి తొలివారమున ప్రపంచమంతట కలవరము పుట్టినది. గూగుల్ పరిశోధకులు, ఆస్ట్రియాలోని గ్రాట్స్ సాంకేతిక విశ్వవిద్యాలయమువారు, జర్మనీలోని సైబరస్ సంస్థవారు వేర్వేరుగ కనుగొనిన లోపమొకటి వెల్లడియైనది. దానికి మెల్ట్‌డౌన్ అని పేరు పెట్టిరి. గోడ మంచువలె కరిగినదని భావము. 1995నుండి వెలువడిన ఇంటెల్ ప్రాసెసర్లలో చాలవరకు ఈ లోపము సోకి యుండునని వారు చెప్పిరి. వాడుకరి ప్రోగ్రాము కెర్నెల్ గడులలో నున్నది చదువగలదు. కెర్నెల్ గడులలో ఇతరుల రహస్యములు కూడ ఉండును.

ఇది ఎట్లు జరిగినదో ఒక గోదాము ఉపమానముతో చెప్పెదము. గుమాస్తా మిక్కిలి చురుకైనవాడు. సరకు కావలెనని ఎవడైన చీటీ తెచ్చినచో, దానిని సరిచూచుటకు లోనికి పంపును. ఆ సమయము వృథా కారాదని ఈలోగానే బస్తా విప్పి సరకును బల్లమీదికి తెచ్చును. చీటీ చెల్లదని కబురు వచ్చినచో సరకును మరల లోన పెట్టివేయును. అడిగినవానికి ఒక్క గింజ దక్కలేదు. తప్పేమియు జరుగలేదని యజమాని నిశ్చింతగ ఉండును. కాని బల్లమీద మరక మిగిలినది. తెచ్చినది పసుపో, మిరపయో ఆ మరకయే చెప్పివేయును. ప్రాసెసర్లు వేగముకొరకు ఇట్లే చేయుచుండెను. అనుమతి తేలకముందే గడిలోనిది తెచ్చి పని సాగించును. అనుమతి లేదని తేలినచో చేసినదంతయు కొట్టివేయును. కాని క్యాష్ అను చేతిక్రింది చిన్న మెమరీలో దాని జాడ మిగులును. ఏ గడి త్వరగా పలుకుచున్నది, ఏ గడి ఆలస్యముగ పలుకుచున్నది అని కాలము కొలిచి, ఆ జాడనుండి రహస్యమును రాబట్టవచ్చును.

రెండవ పొదుపు నక్షాలో జరిగినది. ద్వారము దాటిన ప్రతిసారి నక్షా మార్చుట సుంకము పెంచును. దానిని తప్పించుటకై కెర్నెల్ భూమినికూడ ప్రతి ప్రోగ్రాము నక్షాలోనే గీసి, ప్రవేశము లేదని గుర్తు మాత్రము వేసిరి. గుర్తును సరిచూచుట ఆలస్యమైన ఆ సందులోనుండియే దొంగ దూరగలిగెను. మందు సులభమైనదే: వాడుకరి నక్షానుండి కెర్నెల్ భూమిని దాదాపు పూర్తిగ తుడిచివేయుట. గ్రాట్స్ వారు మరియొక చిన్న ముప్పునకు మందుగా 2017లోనే దీనిని సూచించియుండిరి. అదే 2018లో లినక్స్‌కు, అట్టిదే ఇతర వ్యవస్థలకు చేర్చిరి. ఆ తరువాతి ప్రాసెసర్లలో లోపమును యంత్రమునందే సరిదిద్దిరి. పాత యంత్రములు మాత్రము తాము ఇన్నాళ్లు ఎగవేసిన సుంకమును చెల్లింపక తప్పలేదు. కోరికలు ఎక్కువగ కోరు పనులలో వేగము తగ్గినది.

ఈ అరువదేండ్ల చరిత్రనుండి మేము గ్రహించినది ఒక్కటే. హద్దును ప్రకటించుట వేరు, కాపాడుట వేరు. కాపలాకు ఎల్లప్పుడు వెల ఉన్నది. టైపిస్టుల పాఠమునకు ముప్పు తెచ్చినదియు, 2018లో లోకమును కలవరపెట్టినదియు కాపలా లేకపోవుటయో, ఆ వెలను ఆదా చేయబోవుటయో గాని మరియొకటి కాదు. వెల చెల్లించువాడు ఒకడు, లోపము కలిగినప్పుడు నష్టపోవువాడు వేరొకడు అగుటచేత ఈ పొదుపు ఎప్పుడును ఆకర్షణీయముగనే కనబడును. యంత్రముల వేగమును మెచ్చుకొనునప్పుడు ఆ వేగము ఏ పరీక్షను వాయిదా వేయుటవలన వచ్చినదని ప్రశ్నించువారు కొందరైనను ఉండవలెను.

ఇంటిలో ఫోనుగాని కంప్యూటరుగాని కల శ్రోతలకు ఒక చిన్న విన్నపము. సాయంకాలము యార్డునుండి వచ్చి కూర్చున్నప్పుడు, ఫోనులో ‘అప్‌డేట్ సిద్ధముగనున్నది, ఆపి మరల ప్రారంభింపుము’ అను మాట కనబడును. రేపు చూచుకొందమని మనమందరము దానిని త్రోసివేయుదుము. 2018నాటి మందు కోట్లకొలది యంత్రములకు చేరినది ఇట్టి దారిననే. గట్టుకు గండి పడినదని కబురు వచ్చిన రాత్రి ఆర్మూరు రైతు ఎవడును తెల్లవారువరకు ఆగడు. పార భుజమున వేసికొని బయలుదేరును. ఫోనువిషయమునను అంతే శ్రద్ధ చాలును. ఆ పనికి పట్టునది పది నిమిషములు.